మెడ నొప్పి వెనకాల... కోత ముందు!

మెడ నొప్పి ఎక్కడొస్తుంది? వెనకాల. మరి దానికి ఆపరేషన్ అవసరమైతే కోత ఎక్కడ పెడతారు? చాలాసార్లు ముందు! గొంతు పక్కన, కాలర్ గుండీకి కాస్త అవతలగా, చిన్న గీత. అక్కడి నుంచి లోపలికెళ్లి, వెన్నెముకను చేరుకుని, పాడైన డిస్క్‌ని తీసేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కో, చిన్న పంజరం లాంటి పరికరమో బిగించి బయటికొచ్చేస్తారు.

మొదటిసారి వింటే ఎవరికైనా డౌటే. టీవీ వెనకాల వైరు ఊడిందని పిలిస్తే, మెకానిక్ వచ్చి స్క్రీన్ వైపు నుంచి విప్పుతానన్నట్టు ఉంటుంది. మా ఇంట్లో ఈ మాట విన్న రోజు మా అమ్మ డాక్టర్‌గారిని రెండుసార్లు అడిగింది, "ముందు నుంచా సార్?" అని. ఆ కథ తర్వాత చెప్తాను. ముందు ఆ దారి వేసినవాళ్లలో ఒకాయన గురించి చెప్పాలి. పేరు రాల్ఫ్ క్లోవార్డ్. న్యూరోసర్జన్. ఈ వారం కాలమ్ ఆయనదే.

దీవుల మొత్తానికి ఒక్కడే

క్లోవార్డ్ 1908లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో పుట్టారు. షికాగోలో పర్సివల్ బెయిలీ దగ్గర న్యూరోసర్జరీ నేర్చుకున్నారు. బెయిలీ మామూలు గురువు కాదు. మెదడులో వచ్చే గడ్డల్ని రకాలుగా విడదీసి పేర్లు పెట్టే పనిలో హార్వీ కుషింగ్ పక్కన నిలబడి పనిచేసినాయన. అలాంటి చోట ట్రైనింగ్ అయినవాళ్లు పెద్ద సిటీలో పెద్దాసుపత్రి చూసుకుంటారు కదా. క్లోవార్డ్ మాత్రం 1938లో హవాయి వెళ్లి హొనొలులులో ప్రాక్టీసు పెట్టారు. అప్పటికి హవాయి అమెరికాలో రాష్ట్రం కూడా కాదు. పసిఫిక్ సముద్రం మధ్యలో కొన్ని దీవులు. ఆ దీవులన్నిటికీ కలిపి న్యూరోసర్జన్ ఆయనొక్కరే.

ఒక్కరే ఉండటం అంటే ఏంటో 1941 డిసెంబర్ 7న తెలిసింది. ఆ ఆదివారం పొద్దున జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాయి. 2,400 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. గాయపడినవాళ్లు వెయ్యి మందికి పైనే. వాళ్లలో తలకి ముక్కలు గుచ్చుకున్నవాళ్లు, పుర్రె పగిలినవాళ్లు ఎంతమంది ఉన్నా చూడాల్సింది ఒకే ఒక్క సర్జన్. ట్రిప్లర్ ఆర్మీ ఆసుపత్రిలో ఆయన రోజుల తరబడి ఆపరేషన్ టేబుల్ దగ్గరే ఉండిపోయారు. ఆ కొద్ది రోజుల్లో తల తెరిచి చేసిన ఆపరేషన్లు 40కి పైగానే.

మాకు అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే, ఆన్‌కాల్‌లో ఒక్కడినే ఉన్నానని ప్రపంచం మునిగిపోయినట్టు గ్రూప్‌లో మెసేజ్‌లు పెడతాం. ఈయన వయసు అప్పటికి 33. మన రేంజ్ ఏంటో అర్థమవుతుంది.

సరే, యుద్ధం సంగతి అలా ఉంచండి. క్లోవార్డ్ పేరు నిలిచింది తలకి చేసిన ఆపరేషన్ల వల్ల కాదు. వెన్నెముక వల్ల.

పూర్ణం బూరె పగిలితే

కొంచెం బేసిక్స్. మన వెన్నెముకలో పూసకీ పూసకీ మధ్య మెత్త లాంటిది ఒకటి ఉంటుంది. అదే డిస్క్. దాన్ని పూర్ణం బూరె అనుకోండి. బయట గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. బయటి పొర చిరిగితే పూర్ణం బయటికొస్తుంది. వచ్చింది ఊరుకోదు. పక్కనే ఉన్న నరం మీద పడుతుంది. నడుములో అయితే నొప్పి పిరుదు నుంచి కాలి దాకా పాకుతుంది, సయాటికా అంటామే, అది. మెడలో అయితే భుజం, చెయ్యి, వేళ్ల దాకా లాగుతుంది.

ఈ చిన్న విషయం మనుషులకి తెలిసి ఇంకా వందేళ్లు కాలేదంటే నమ్ముతారా? డాక్టర్లు వెన్నెముక తెరిచినప్పుడు ఆ గుజ్జు ముక్క కనిపిస్తే, దాన్ని మృదులాస్థిలో పెరిగిన గడ్డ అనుకునేవాళ్లు. 1934లో బోస్టన్‌కి చెందిన న్యూరోసర్జన్ విలియం మిక్స్‌టర్, ఎముకల సర్జన్ జోసెఫ్ బార్ కలిసి ఒక పేపర్ రాశారు. అది గడ్డ కాదు, డిస్క్ లోపలి నుంచి జారి వచ్చిన ముక్కే అన్నారు. దాన్ని తీసేస్తే కాలి నొప్పి పోతుందని చూపించారు. అక్కడి నుంచి ప్రపంచమంతా డిస్క్ ఆపరేషన్లు మొదలు. వీపు వైపు కోసి, నరాన్ని కాస్త పక్కకి జరిపి, జారిన ముక్కని లాగేయడం.

బాగుంది కదా? క్లోవార్డ్‌కి మాత్రం సగమే బాగున్నట్టు అనిపించింది. ముక్క తీసేస్తే కాలి నొప్పి పోతోంది. కానీ కొంతమందికి నడుం నొప్పి అలాగే ఉండిపోతోంది. ఎందుకు? ఆయన వాదన సింపుల్. రెండు పూసల మధ్య మెత్త పాడైపోయింది. బయటికొచ్చిన ముక్క తీశారు సరే, లోపల మిగిలిన పాడైన డిస్క్ సంగతేంటి? లాగిన్ పేజీలో ఎర్రర్ మెసేజ్ కనిపించకుండా చేస్తే టికెట్ క్లోజ్ అవుతుందేమో గానీ, కింద డేటాబేస్ సమస్య తీరదు.

అందుకని 1940ల మొదట్లోనే ఆయన ఇంకో అడుగు ముందుకేశారు. వీపు వైపు నుంచే వెళ్లి, డిస్క్‌ని వీలైనంత పూర్తిగా తీసేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కలు దట్టించి పెట్టడం. కొన్ని నెలల్లో ఆ ఎముక పైపూసనీ కింది పూసనీ కలిపి ఒకటి చేసేస్తుంది. కదలిక ఉండదు, రాపిడి ఉండదు. ఈ పద్ధతిని 1953లో న్యూరోసర్జరీ జర్నల్‌లో రాశారు. ఇప్పుడు స్పైన్ సర్జన్లు దాన్ని 'ప్లిఫ్' అంటారు.

అప్పట్లో దీన్ని అందరూ చప్పట్లు కొట్టి తీసుకున్నారనుకునేరు. లేదు. ఆపరేషన్ కష్టం, రక్తం ఎక్కువ పోతుంది, నరాన్ని జరిపేటప్పుడు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఎముక ముక్క జారిపోతే ఇంకో గొడవ. ఆయన చేతిలో వచ్చిన ఫలితం వేరేవాళ్ల చేతిలో అంత సులువుగా రాలేదు. దశాబ్దాల పాటు అది కొద్దిమంది సర్జన్లు మాత్రమే చేసే పనిగా ఉండిపోయింది. పూసల్ని బిగించే స్క్రూలు, ఖాళీలో పెట్టే లోహపు పంజరాలు వచ్చాక, అంటే 1990ల నాటికి, అది మామూలు ఆపరేషన్‌గా మారింది. ఐడియా కరెక్టే. టూల్స్ రావడానికి 40 ఏళ్లు పైనే పట్టింది.

ఆ టూల్స్ విషయంలో కూడా క్లోవార్డ్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. కండరాల్ని పక్కకి పట్టి ఉంచే రిట్రాక్టర్, డ్రిల్లు అనుకున్న లోతు దాటి పోకుండా ఆపే గార్డు, ఇలా తన ఆపరేషన్‌కి కావాల్సిన పనిముట్లు తనే డిజైన్ చేసుకున్నారు. 'క్లోవార్డ్ రిట్రాక్టర్' అని అడిగితే ఇప్పటికీ సర్జికల్ పరికరాల కేటలాగుల్లో కనిపిస్తుంది.

మెడ దగ్గర లెక్క మారింది

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకి వద్దాం. ముందు నుంచి ఎందుకు?

వెన్నుపాము మెదడు నుంచి బయల్దేరి నడుం పైభాగం దాకా వచ్చి ఆగిపోతుంది. దాని కింద ఉండేవి విడివిడి నరాలు, గుర్రం తోకలా. అందుకే నడుం కింది భాగంలో వీపు వైపు నుంచి వెళ్లిన సర్జన్ నరాన్ని జాగ్రత్తగా కాస్త పక్కకి జరిపి, దాని ముందున్న డిస్క్‌ని అందుకోగలడు. మెడలో అలా కుదరదు. అక్కడ ఉన్నది అసలు వెన్నుపామే. చేతులు, కాళ్లు, మూత్రం, అన్నిటికీ కేబుల్ అదొక్కటే. దాన్ని జరపడం అంటే ప్రాణంతో ఆట. పోనీ ముక్క ఎక్కడుంది? వెన్నుపాముకి ముందు వైపు మధ్యలో. వెనక నుంచి వెళ్తే దారికి అడ్డంగా వెన్నుపాము, దాని అవతల ముక్క.

అయితే మెడకి ముందు వైపు దేవుడు ఒక సందు పెట్టాడు. ఒక పక్క మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం. ఇంకో పక్క గాలి గొట్టం, ఆహార గొట్టం. ఈ రెండింటి మధ్య నుంచి, పెద్దగా కండరాలు కోయకుండానే, నేరుగా వెన్నెముక ముందు గోడ దాకా వెళ్లిపోవచ్చు. హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ అయితే గల్లీలో నుంచి తీసుకెళ్లే ఆటో అన్న గుర్తొస్తాడు నాకు.

ఈ గల్లీ ఒక్కరే కనిపెట్టలేదు. జాన్స్ హాప్కిన్స్‌లో రాబర్ట్ రాబిన్సన్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు సర్జన్లు 1955లోనే తమ మొదటి రిపోర్ట్ రాశారు. క్లోవార్డ్ తన పద్ధతిని 1958లో ప్రచురించారు. దారి దాదాపు ఒకటే, పని చేసే తీరు వేరు. వాళ్లు డిస్క్ ఉన్న చోట నలుచదరంగా ఉండే ఎముక ముక్కని బిగించారు. క్లోవార్డ్ రెండు పూసల మధ్య డ్రిల్లుతో గుండ్రటి రంధ్రం చేసి, అందులోంచి వెన్నుపాము మీద పడుతున్న ముక్కనీ ఎముక మొలకల్నీ తీసేసి, సరిగ్గా ఆ రంధ్రానికి సరిపోయే గుండ్రటి ఎముక బిరడా దిగ్గొట్టారు. వడ్రంగి చెక్కకి చెక్క బిగించేటప్పుడు కొయ్య మేకు దిగ్గొడతాడు చూడండి, అలా.

మరుసటి ఏడాది, 1959లో, ఆయన ఇంకో ఆసక్తికరమైన పేపర్ రాశారు. ఎంఆర్ఐ లేని రోజులవి. ఏ డిస్క్ వల్ల నొప్పి వస్తోందో తెలుసుకోవడానికి మెడ డిస్క్‌లోకి సన్నటి సూదితో మందు ఎక్కించి చూసేవాళ్లు. అలా చేస్తున్నప్పుడు మెలకువగా ఉన్న పేషెంట్లు చెప్పింది ఆయన రాసిపెట్టుకున్నారు. సూది మెడలో, నొప్పి మాత్రం భుజం వెనక రెక్క ఎముక పక్కన! ఏ డిస్క్‌ని కదిలిస్తే ఎక్కడ నొప్పి వస్తుందో మ్యాప్ గీశారు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాక, రెండు రెక్కల మధ్య ఒక పాయింట్‌లో సలుపుతుంటే మనం అక్కడే బామ్ రుద్దుతాం కదా. చాలాసార్లు అది వీపు సమస్య కండరాలదే అయినా, కొన్నిసార్లు దాని మూలం మెడలో ఉంటుంది. ఆ సంగతి చూపించింది ఆ మ్యాపే.

మాస్టారి సంతకం

ఇక మా ఇంటి కథ.

మా నాన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఖమ్మం దగ్గర మా ఊరు. ఆయన చేతిరాత చూసి పెళ్లి శుభలేఖలు రాయించుకోవడానికి వచ్చేవాళ్లు ఒకప్పుడు. పోయినేడాది బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం వెనక్కొచ్చింది. సంతకం కలవడం లేదట. "నేనే వచ్చి నిలబడితే నా సంతకం నాది కాదంటాడేంట్రా" అని ఫోన్‌లో నాన్న నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. అన్నం కలిపేటప్పుడు ముద్ద జారుతోందనీ, నడుస్తుంటే కుడికాలి చెప్పు ఊడిపోయినా ఆయనకి తెలియడం లేదనీ, రెండు నెలలుగా చొక్కా గుండీలు తనే పెడుతోందనీ చెప్పింది. మెడ నొప్పి పెద్దగా లేదు. అదే విచిత్రం.

హైదరాబాద్ తీసుకొచ్చి చూపించాం. న్యూరోసర్జన్ స్కాన్ ఫిల్మ్ ముట్టుకోకముందే, "మాస్టారూ, పది సెకన్లలో ఎన్నిసార్లు పిడికిలి మూసి తెరవగలరో చూపించండి" అన్నారు. మామూలుగా 20 సార్లు దాటాలట. నాన్న 11 దగ్గర ఆగారు. మధ్యవేలి గోరుని చిటికేసినట్టు కొడితే బొటనవేలు దానంతటదే లోపలికి ముడుచుకుంది. ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి గీత మీద నడవమంటే, నాన్న గోడ పట్టుకున్నారు. అప్పుడు ఎంఆర్ఐ చూశారు. మెడలో ఐదో పూసకీ ఆరో పూసకీ మధ్య డిస్క్, దానికి తోడు ఎముక మొలకలు, వెన్నుపాముని ముందు నుంచి నొక్కేస్తున్నాయి. దీన్ని మైలోపతి అంటారు.

"ముందు నుంచి నొక్కుతున్నదాన్ని ముందు నుంచే తీయాలి అమ్మా" అన్నారు డాక్టర్‌గారు. ఒకటి రెండు చోట్లే నొక్కుడు ఉంటే ఎక్కువగా ఇలా చేస్తామనీ, చాలా చోట్ల ఉంటే వెనక నుంచి దారి వెడల్పు చేసే పద్ధతి కూడా ఉందనీ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

ఇంటికొచ్చాక అసలు పంచాయితీ. మావయ్య, "వెన్నుపూస ఆపరేషన్ అంటే మంచాన పడటమే బావా, ఒప్పుకోకు" అన్నాడు. బాబాయి పసరు కట్టే ఊరి పేరు చెప్పాడు. పక్కింటి అక్క ఫిజియోతో వాళ్ల అత్తకి తగ్గిందంది. అందరిదీ ప్రేమే. కానీ అందరూ ఒకే జబ్బు గురించి మాట్లాడటం లేదు. తేడా అక్కడుంది.

చూసే యంత్రం వచ్చాక

క్లోవార్డ్ కాలంలో సర్జన్ కష్టం, లోపల ఏముందో కనిపించకపోవడం. మన కాలంలో కష్టం రివర్స్. అన్నీ కనిపిస్తాయి.

1994లో అమెరికాలో, నడుం నొప్పి అసలు లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. 52 శాతం మందికి కనీసం ఒక డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్క్‌లూ నార్మల్‌గా ఉన్నవాళ్లు 36 శాతమే. 2015లో ఇలాంటి 33 అధ్యయనాల్ని, అంటే నొప్పి లేని 3,110 మంది స్కాన్లని కలిపి చూశారు. 20 ఏళ్ల వయసువాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు. 80 ఏళ్లకి అది 84 శాతం. అంటే మీ రిపోర్ట్‌లో 'డిస్క్ బల్జ్' అన్న మాట కనిపించగానే గుండె జారిపోనక్కర్లేదు. జుట్టు నెరవడం లాంటిది కూడా కావచ్చు. ఆ స్కాన్‌లో కనిపించేదీ, మీ ఒంట్లో నొప్పీ, డాక్టర్ చేత్తో పరీక్షించి తెలుసుకున్నదీ, మూడూ ఒకే చోటికి వేలు చూపిస్తేనే అది అసలు కారణం.

కాలికి పాకే సయాటికా నొప్పి గురించి నెదర్లాండ్స్‌లో 283 మంది మీద ఒక ట్రయల్ చేశారు, 2007లో ప్రచురించారు. సగం మందికి తొందరగా ఆపరేషన్, మిగతావాళ్లకి మందులు, ఓపిక. ఆపరేషన్ అయినవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది గడిచేసరికి రెండు గుంపుల్లోనూ దాదాపు 95 శాతం మంది కోలుకున్నారు. ఓపిక పట్టిన గుంపులో 39 శాతం మందికి మధ్యలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, అది కూడా చెప్పాలి. అంటే అక్కడ తొందర పడాలా, ఆగాలా అన్నది చాలావరకు పేషెంట్ ఎంపిక. పక్కింటి అత్తగారు ఫిజియోతో తగ్గించుకున్నది ఈ గుంపులో జబ్బు.

నాన్నది వేరే గుంపు. అక్కడ నలుగుతున్నది పక్క నరం కాదు, వెన్నుపాము. అది చితికితే మళ్లీ మొలవదు. 2017లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన మైలోపతికి ఆపరేషన్‌నే సిఫారసు చేశాయి. డాక్టర్‌గారు కూడా దాచకుండా చెప్పారు. "ఈ ఆపరేషన్ పని, ఇంకా పాడవకుండా ఆపడం. పోయింది ఎంత తిరిగొస్తే అంత బోనస్." ఆ ఒక్క మాట మావయ్యకి కూడా అర్థమైంది. నాన్నే ఫైనల్ చేశారు. "ఆగితే ఏం పోతుందో చెప్పారు, చేయిస్తే ఏం పోవచ్చో కూడా చెప్పారు. ఇంక సంతకం పెడతా. కలిసినా కలవకపోయినా" అన్నారు.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు క్లోవార్డ్ ఎముక బిరడా బదులు చిన్న కేజ్, ముందు ఒక ప్లేట్ పెట్టారు. మూడో రోజు మెల్లగా నడిచారు. మింగడానికి ఇబ్బంది, గొంతు బొంగురు, దాదాపు మూడు వారాలు. ఆ సందులోంచి వెళ్లేటప్పుడు ఆహార గొట్టాన్నీ, గొంతు నరం ఉన్న వైపునీ పక్కకి లాగి పట్టుకుంటారు కాబట్టి ఇలా అవుతుందని ముందే చెప్పారు. జావ, మెత్తటి పెరుగన్నంతో గడిపేశారు. జీవితమంతా క్లాసులో గొంతు చించుకున్న మనిషి మూడు వారాలు సైగలు చేశారు, అమ్మకి కొంచెం రెస్ట్. నాలుగు నెలలకి చెప్పు ఊడటం ఆగింది. గుండీలు తనే పెట్టుకుంటున్నారు, పై గుండీ తప్ప. చేతిరాత పాతలా రాలేదు. బ్యాంకులో కొత్త సంతకం నమూనా ఇచ్చాం.

బిల్లు వేరే ఉంటుంది

ఇంజినీర్లకి ఒక జబ్బు ఉంది. ఫిక్స్ పనిచేసిందంటే ఇంక దాని సైడ్ ఎఫెక్ట్ చూడం. క్లోవార్డ్ పద్ధతిలో కూడా ఒక సైడ్ ఎఫెక్ట్ ఉంది. రెండు పూసల్ని కలిపేస్తే అక్కడ కదలిక ఆగుతుంది. ఆ కదలిక భారం పైనా కిందా ఉన్న డిస్క్‌ల మీద పడుతుంది. 1999లో ఈ ఆపరేషన్ అయిన 374 మందిని లెక్కేసి చూస్తే, పక్క డిస్క్ దగ్గర కొత్త సమస్య ఏడాదికి సుమారు 2.9 శాతం మందికి వస్తోందనీ, పదేళ్లలో నాలుగో వంతు మందికి రావచ్చనీ తేలింది. అది కలపడం వల్లేనా, ఎలాగూ అరిగే మెడ కాబట్టా అన్న చర్చ ఇంకా ఉంది. అందుకే కదిలే కృత్రిమ డిస్క్‌లు వచ్చాయి. అవి అందరికీ సరిపోవు. ఎవరికి ఏది అన్నది వయసు, ఎముక బలం, ఎన్ని చోట్ల సమస్య ఉంది అన్నదాన్ని బట్టి.

కాబట్టి మీకో, మీవాళ్లకో ఎవరైనా స్పైన్ సర్జరీ అంటే ఈ నాలుగు ప్రశ్నలు ఫోన్‌లో రాసుకుని వెళ్లండి. నలుగుతున్నది నరమా, వెన్నుపామా? మూడు నెలలు ఆగితే ఏం పోతుంది? ఆపరేషన్ వల్ల ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు? పూసలు కలపడం తప్పదా, కలపకుండా కుదురుతుందా? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకి విసుక్కోరు. సందేహం ఉంటే ఇంకో డాక్టర్ దగ్గర కూడా అడగండి, అది అవమానం కాదు. ఒక్కటి మాత్రం ఆగేది కాదు: మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం, కాళ్లలో బలం ఒక్కసారిగా తగ్గడం. అప్పుడు గూగుల్ వద్దు, గ్రూప్‌లో అడగడం వద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

క్లోవార్డ్ 2000లో, 92 ఏళ్ల వయసులో హొనొలులులోనే కన్నుమూశారు. పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసర్ల నోట పలికినప్పుడే ఐడియాలకి విలువ వచ్చే రోజుల్లో, సముద్రం మధ్యలో కూర్చుని వెన్నెముకకి వెనక నుంచి ఒక దారి, ముందు నుంచి ఒక దారి చూపించారు. ఒకటి వెంటనే ఒప్పుకున్నారు, ఇంకోటి ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. రెండూ ఇవాళ మన హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఆసుపత్రుల్లో రోజువారీ పని.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఆరోగ్యం ఎలా ఉంది" అని అడగొద్దు. "బానే ఉంది" అనే అంటారు, మన అమ్మానాన్నలకి వేరే జవాబు రాదు. "నడుస్తుంటే చెప్పు జారుతోందా? గుండీలు పెట్టుకోడానికి ఎంతసేపు పడుతోంది?" అని అడగండి. జవాబు చెప్పేముందు ఒక్క సెకను ఆగారంటే, టికెట్ బుక్ చేసుకుని ఊరెళ్లండి.